సభలు ఆగిపోతే ఇంటి నుంచే కచేరీ ఎలా చేయాలి: తిరుపతి, చిత్తూరు కళాకారుల కోసం

ఎక్కడో కొత్త వైరస్ అని టీవీలో వార్త వస్తే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "మళ్లీ అన్నీ మూసేస్తే మా సంగతేంటి? ఆన్‌లైన్లో కచేరీ పెట్టాలంటే ఏమేం కావాలి?" సన్నాయి మేళం వాళ్లు అడుగుతారు, కీర్తనలు పాడే ఆడపిల్లలు అడుగుతారు, ఆర్కెస్ట్రా నడిపేవాళ్లు అడుగుతారు. సౌండ్ పని చేసేవాణ్ని కాబట్టి ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు అంతా ఒకచోట రాస్తున్నాను.

2020లో ఏం జరిగిందో మనకు గుర్తే. మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనం ఆగింది. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఎండాకాలం పెళ్లి ముహూర్తాలు, ఊరి తిరునాళ్లు, జాతరలు, అన్నీ పోయాయి. సంవత్సరం పొడుగునా తినే తిండి ఆ మూడు నెలల్లోనే సంపాదించుకునే మేళాల వాళ్లకి అడ్వాన్సులు కూడా వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. ఆ సెప్టెంబరులో శ్రీవారి బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగితే ఎస్వీబీసీలో చూశాం. డిసెంబరులో చెన్నై సభలు కూడా సీజన్‌ని ఆన్‌లైన్‌కి మార్చుకున్నాయి. పెద్ద సంస్థలకి కెమెరాలు, మనుషులు ఉన్నారు. అవేవీ లేనివాళ్ల కోసమే ఈ వివరాలు.

ముందు సమకూర్చుకోవాల్సినవి

- రెండు స్మార్ట్‌ఫోన్లు. ఒకటి ప్రసారానికి, ఇంకొకటి వేరుగా రికార్డు చేయడానికి, కామెంట్లు చూసుకోవడానికి.
- ఒక మైక్. గాత్రానికైతే యూఎస్‌బీ కండెన్సర్ మైక్ లేదా మంచి కాలర్ మైక్. ముగ్గురు నలుగురు ఉంటే మీ ఊరి మైక్ సెట్ వాళ్ల దగ్గరున్న చిన్న మిక్సర్, దానికి తోడు ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మిక్సర్ శబ్దాన్ని ఫోన్‌కి సరిపడేలా అందించే చిన్న పెట్టె), ఫోన్‌కి పెట్టుకునే ఓటీజీ పిన్ను.
- ట్రైపాడ్. లేకపోతే స్టూలు మీద పుస్తకాలు పేర్చినా సరిపోతుంది, ఫోను కదలకుండా ఉండాలి అంతే.
- ఫైబర్ ఇంటర్నెట్. దానికి బ్యాకప్‌గా ఇంకో కంపెనీ సిమ్ ఉన్న ఫోన్.
- రూటర్‌కి కూడా కనెక్షన్ ఉన్న ఇన్వర్టర్. చాలా ఇళ్లలో ఫ్యాను, లైటు ఇన్వర్టర్ మీద ఉంటాయి, రూటర్ ఉండదు. కరెంటు పోయిన క్షణంలో కచేరీ కూడా పోతుంది.
- వైరున్న ఇయర్‌ఫోన్లు. బ్లూటూత్ వద్దు, శబ్దం ఆలస్యంగా వినిపిస్తుంది.
- దుప్పట్లు, బొంతలు. ఎందుకో 3వ మెట్టులో చెబుతాను.

కెమెరా గురించి చెప్పలేదేంటి అంటారేమో. ఫోన్ కెమెరా చాలు. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం కూర్చుంటారు, శబ్దం గరగరలాడితే రెండో నిమిషంలో వెళ్లిపోతారు. చేతిలో ఐదు వేలుంటే ఐదు వేలూ మైక్ మీదే పెట్టండి.

1. ఏ పద్ధతి మీకు కుదురుతుందో తేల్చుకోండి

మూడు దారులున్నాయి. అందరూ ఒకే ఇంట్లోనో పక్క పక్క ఇళ్లలోనో ఉండి, కలవడానికి అనుమతి కూడా ఉంటే నేరుగా లైవ్. తలా ఒకచోట ఉంటే విడివిడిగా రికార్డు చేసి కలపడం. అందరూ కలిసినా నెట్ బాగాలేకపోతే, ముందుగా రికార్డు చేసి యూట్యూబ్‌లో 'ప్రీమియర్'గా పెట్టడం. ప్రీమియర్‌లో చెప్పిన టైముకి అందరూ ఒకేసారి చూస్తారు, మీరూ కామెంట్లలో మాట్లాడవచ్చు. పల్లెల్లో ఉన్నవాళ్లకి నేను మూడోదే చెబుతాను. అయితే అది రికార్డు చేసిన కచేరీ అని పోస్టర్ మీద రాయండి. లైవ్ అని నమ్మించి టికెట్ అమ్మడం తప్పు.

హెచ్చరిక: వీడియో కాల్‌లో తలా ఒక ఇంటి నుంచి కలిసి వాయించాలని చూడకండి. అందరూ మొదట చేసే పని ఇదే, ఎప్పటికీ కుదరనిది కూడా ఇదే. వేదిక మీద వయొలిన్ నాలుగడుగుల దూరంలో ఉంటే ఆ శబ్దం మీ చెవికి నాలుగు మిల్లీసెకన్లలో చేరుతుంది. వీడియో కాల్‌లో వంద దాటడం మామూలే. గాయకుడు సమం (తాళం మొదటి దెబ్బ) మీద ఉంటే మృదంగం దెబ్బ వెనకెక్కడో పడుతుంది. పైగా ఆ యాప్‌లు ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి గొంతు తగ్గించేస్తాయి. సోనోబస్, జామ్యులస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆలస్యాన్ని తగ్గిస్తాయి కానీ రెండు వైపులా కంప్యూటర్, కేబుల్ నెట్ ఉండాలి. తిరుపతిలోనే రెండు వీధుల అవతల ఉన్నవాళ్లు ప్రయత్నించవచ్చు. తిరుపతి, మదనపల్లె మధ్య కచేరీకి నేను దాన్ని నమ్ముకోను.

2. విడివిడిగా రికార్డు చేసి కలపడం

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది దీని మీదే, అందుకని వివరంగా రాస్తున్నాను.

శ్రుతి ఎంత అన్నది ముందే ఖాయం చేసుకోండి. "ఒకటిన్నర కట్ట" అని నోటి మాటతో వదిలేయకండి. ఒకరు శ్రుతి పెట్టె రికార్డు చేసి, అదే ఫైలు అందరికీ పంపాలి. ఒక్కో ఫోన్లో ఒక్కో యాప్ వాడితే సన్నటి తేడా వచ్చి, అంతా కలిపాక వయొలిన్ అపశ్రుతిలో ఉన్నట్టు వినిపిస్తుంది. పాపం ఆయన తప్పేమీ ఉండదు.

ఆ తర్వాత గాయకుడు ఇయర్‌ఫోన్లలో శ్రుతి, మెట్రోనోమ్ (టిక్ టిక్ అంటూ లయ చూపే యాప్) పెట్టుకుని కీర్తన మొత్తం పాడాలి. ఆ రికార్డింగు వింటూ వయొలిన్, ఆ రెండూ కలిపింది వింటూ మృదంగం. ఆలాపనకి మెట్రోనోమ్ అక్కర్లేదు, స్వేచ్ఛగా పాడి పంపితే వయొలిన్ దాన్ని అనుసరిస్తుంది. స్వరకల్పనలో (అప్పటికప్పుడు స్వరాలు పాడేచోట) వయొలిన్ వంతు వచ్చినప్పుడు గాయకుడు తాళం వేస్తూ అన్ని ఆవర్తనాలూ (తాళం చుట్లు) మౌనంగా ఉండాలి. ఈ ఖాళీ వదలడం మర్చిపోయేవాళ్లు చాలామంది. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) కూడా అంతే: ఎన్ని ఆవర్తనాలో ముందే మాట్లాడుకుని రాసి పెట్టుకోండి.

ప్రతి ఒక్కరూ మొదలుపెట్టే ముందు కెమెరా ముందు, మెట్రోనోమ్ దెబ్బ మీద మూడు చప్పట్లు కొట్టాలి. కలిపేటప్పుడు ఆ చప్పట్లు ఒకదాని మీద ఒకటి పెడితే చాలు. ఫోన్లన్నీ సెకనుకి 30 ఫ్రేములకే పెట్టుకోండి.

ఫైళ్లు పంపేటప్పుడు జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత సగం పోతుంది. 'డాక్యుమెంట్'గా పంపండి, లేదా గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. శబ్దం కలపడానికి ఆడాసిటీ, వీడియోకి డావిన్చి రిజాల్వ్, రెండూ ఉచితం. ఫోన్లోనే చేయాలంటే కైన్‌మాస్టర్.

సరిగ్గా కలిసిందో లేదో చూడటానికి మొదటి పల్లవి, చివరి చరణం రెండూ వినండి. మొదట్లో కలిసి చివరికి జారుతుంటే, ఎవరో ఒకరు మెట్రోనోమ్ వినకుండా వాయించారని అర్థం. ఎడిటింగ్‌లో లాగి సర్దడం కంటే ఆ ముక్క మళ్లీ రికార్డు చేయించడమే తేలిక.

3. గది సిద్ధం చేసుకోండి

టైల్స్ వేసిన హాలు కచేరీకి పనికిరాదు. చప్పట్లు కొట్టి చూడండి, గంట మోగినట్టు తిరిగి వినిపిస్తే ఆ గదిలో గాత్రం కూడా అలాగే ఉంటుంది. బట్టల బీరువా, మంచం, పరుపు ఉన్న పడకగది నయం. గోడలకి బొంతలు వేలాడదీయండి, కింద జంపఖానా పరవండి. కెమెరాలో కనిపించే గోడకి మాత్రం పట్టుచీర.

ఫ్యాను, కూలరు ఆపాలి. మన దగ్గర ఏప్రిల్, మేలో అది శిక్షే. తెల్లారుజామున పెట్టుకోండి, లేకపోతే ఇరవై నిమిషాలకి ఒక విరామం ఇచ్చి అప్పుడు ఫ్యాను వేసుకోండి. మృదంగం, డోలు శ్రుతి కూడా వేడికి మారుతుంది కాబట్టి ఆ విరామం ఎలాగూ అవసరమే.

నాదస్వరం, డోలు గదిలో పెట్టకండి. మిద్దె మీదకి వెళ్లండి. మైకు నాదస్వరం అణసుకి (కింది గంట ఆకారపు మూతికి) ఎదురుగా కాకుండా పక్కకి, ఎనిమిది పది అడుగుల దూరంలో ఉండాలి. డోలు వాద్యం వెనక వరసలో. గాలి శబ్దం రాకుండా మైక్ మీద స్పాంజి తొడుగు తప్పనిసరి. చుట్టుపక్కల వాళ్లకి ముందు రోజే చెప్పి, గుడి మైకు ఏ టైములో మోగుతుందో కనుక్కుని ఆ టైము వదిలేయండి.

4. శబ్దం సరిచూసుకోండి

శ్రుతి పెట్టెని మైక్‌కి మూడడుగుల వెనక ఉంచండి. ప్రసారం చేసే ఫోన్లోనే శ్రుతి యాప్ వేయకండి.

జూమ్‌లో చేస్తుంటే ఆడియో సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' ఆన్ చేసి తీరాలి. లేకపోతే ఆగకుండా మోగే తంబూరాని అది ఫ్యాను రొద అనుకుని తీసేస్తుంది. మీకు గదిలో శ్రుతి వినిపిస్తూనే ఉంటుంది, వినేవాళ్లకి ఉండదు. "శ్రుతి లేకుండా పాడారేంటండీ" అని కామెంట్ వచ్చేదాకా మీకు తెలియదు.

మిక్సర్ నుంచి ఫోన్‌కి నేరుగా మామూలు జాక్ పెడితే పనిచేయదు. ఫోన్ మైక్ పిన్నుకి మూడు నల్ల గీతలుంటాయి, రెండు గీతలున్నది వినడానికే. సరైన పిన్ను పెట్టినా మిక్సర్ సిగ్నల్ ఎక్కువై శబ్దం పగులుతుంది. అందుకే ఇంటర్‌ఫేస్ కావాలన్నాను.

లెవెల్ పెట్టేటప్పుడు మెల్లగా పాడి చూడకండి. కచేరీలో ఎక్కడ గొంతు అందరికన్నా పైకి వెళుతుందో, ఆ తారస్థాయి ముక్కనే పాడండి. మృదంగం తీర్మానం (ముగింపు దరువు) గట్టిగా వాయించండి. అప్పుడు మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. ఎర్ర లైటు ఒక్కసారి వెలిగినా తగ్గించండి.

పరీక్ష: రెండు నిమిషాలు రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లలో ఒకసారి, ఫోన్ స్పీకర్లో ఒకసారి, టీవీలో ఒకసారి వినండి. ఫోన్ స్పీకర్లో మృదంగం తొప్పి (ఎడమ వైపు లోతైన శబ్దం) వినిపించదు, అది స్పీకర్ లోపం. అక్కడ వినిపించాలని బేస్ పెంచితే టీవీలో చూసేవాళ్లకి గదంతా దద్దరిల్లుతుంది. పాట ఆపి మళ్లీ ఎత్తుకున్నప్పుడు గొంతు ఉబ్బినట్టు వస్తోందా? ఫోన్ తనంతట తానే లెవెల్ మారుస్తోందన్నమాట. ఓపెన్ కెమెరా లాంటి యాప్‌లోకి మారి చూడండి, లేదా బయటి ఇంటర్‌ఫేస్ వాడండి.

5. ఛానెల్, నెట్

యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే అనుమతి రావడానికి 24 గంటలు పట్టవచ్చు. కచేరీ రోజు పొద్దున చేద్దామనుకుంటే ఇంతే సంగతులు. ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. కంప్యూటర్ నుంచైతే ఆ లెక్క లేదు.

720పీ చాలు. దానికి అప్‌లోడ్ వేగం కనీసం 5, 6 ఎంబీపీఎస్ నిలకడగా ఉండాలి. స్పీడ్ టెస్ట్‌లో పెద్దగా కనిపించేది డౌన్‌లోడ్ అంకె, మీకు కావాల్సింది రెండోది. కచేరీ ఏ టైములో ఉందో ముందు రోజు అదే టైములో చూడండి. రాత్రి ఎనిమిదింటికి వీధంతా సినిమాలు చూస్తుంటారు, మధ్యాహ్నం వచ్చిన వేగం అప్పుడు రాదు.

మొబైల్ డేటా మీద చేసేవాళ్లు లెక్క వేసుకోండి: 4 ఎంబీపీఎస్ చొప్పున రెండు గంటలకి దాదాపు 3.6 జీబీ. రోజుకి రెండు జీబీ ప్యాక్ ఉంటే కచేరీ సగంలోనే నెట్ నెమ్మదిస్తుంది.

ప్రసారం చేసే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేయండి. వాట్సాప్ నోటిఫికేషన్లు కూడా ఆపండి, లేకపోతే అన్నమయ్య కీర్తన మధ్యలో మేనమామ కాల్ మోగుతుంది. ఫోన్ అడ్డంగా తిప్పాకే లైవ్ నొక్కండి. రెండో ఫోన్లో వేరుగా రికార్డింగ్ నడుస్తూనే ఉండాలి. నెట్ తెగినా ఆ రికార్డు మిగులుతుంది.

6. టైము

అమెరికా వాళ్లు చూడాలంటే మనకి శనివారం రాత్రి 7:30 బాగుంటుంది. వేసవిలో న్యూయార్క్‌లో అప్పుడు పొద్దున 10, దుబాయ్‌లో సాయంత్రం 6. కాలిఫోర్నియాలో మాత్రం పొద్దున 7 మాత్రమే. వాళ్లే ఎక్కువ ఉంటే ఆదివారం పొద్దున 7:30కి పెట్టండి, అక్కడ శనివారం రాత్రి 7. చలికాలంలో అమెరికా గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది, పోస్టర్‌లో అది సరిచూసుకోండి. కచేరీ గంటా పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. సభలో మూడు గంటలు కూర్చున్నవాళ్లు కూడా ఫోన్ ముందు అంతసేపు ఉండరు.

7. డబ్బు

ఈ ఒక్క మెట్టు సరిగా చేయకపోతే పైవన్నీ చేసినా నేను దాన్ని మంచి కచేరీ అనను. లైవ్‌లు ఉచితంగా పెట్టినప్పుడు పేరు గాయకుడికి వస్తుంది. మృదంగం, ఘటం, డోలు వాయించేవాళ్లకి, మైక్ సెట్ కుర్రాళ్లకి ఏమీ రాదు. వాళ్లకి పాఠాలు చెప్పుకునే ఆదాయం కూడా తక్కువే. అందుకే మొదలుపెట్టే ముందే పక్కవాద్యాలకి ఇంత అని ఖాయం చేసి వాట్సాప్ గ్రూపులో రాయండి. ఉదాహరణకి ప్రధాన కళాకారుడికి 40 శాతం, వయొలిన్‌కి 20, మృదంగానికి 20, సౌండ్‌కి 10, ఖర్చులకి 10. వసూలు తక్కువైతే కనీసం ఇంత అన్న మాట కూడా ఉండాలి.

వచ్చే దారులు:

చదివింపులు. పెళ్లిలో మైకులో పేర్లు చదివినట్టే ఇక్కడా చేయవచ్చు. తెర మూల యూపీఐ క్యూఆర్ పెట్టి, పాటకీ పాటకీ మధ్య పంపినవాళ్ల పేర్లు, ఊర్లు చదవండి. మొత్తం ఎంతో చదవకండి, తక్కువ పంపినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

టికెట్. యూట్యూబ్ 'అన్‌లిస్టెడ్' లింకు (లింకు ఉన్నవాళ్లకే కనిపించేది) ఒకరు కొని పది మందికి పంపుతారు. తక్కువ మందైతే జూమ్‌లో పేరు చూసి లోపలికి అనుమతించడం నయం. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి మీటింగ్ ఆగిపోతుందని గుర్తుంచుకోండి.

ఒక కుటుంబం కోసం కచేరీ. బెంగళూరు, చెన్నై, డాలస్‌లో ఉన్న మనవాళ్లు సీమంతానికో, షష్టిపూర్తికో గంటసేపు మేళం బుక్ చేసుకుంటారు. మేళాలకి నా దృష్టిలో ఇదే మేలైన దారి. డబ్బు ముందే వస్తుంది, వినేవాళ్లు మనసుపెట్టి వింటారు.

యూట్యూబ్ ప్రకటనల డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. మామూలు వీడియోలకి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, అప్పుడే అది మొదలవుతుంది.

జీఎస్‌టీ భయం వద్దు. శాస్త్రీయ, జానపద కళలు ప్రదర్శించే కళాకారుడికి ఒక్కో ప్రదర్శనకి లక్షన్నర రూపాయల లోపు పారితోషికంపై మినహాయింపు ఉంది. సభ లేదా ట్రస్టు పేరు మీద విదేశీ విరాళాలు తీసుకోవాలంటే మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి, ఆడిటర్‌ని అడక్కుండా క్యూఆర్ పెట్టకండి.

గట్టి హెచ్చరిక: "మా అమ్మాయి పెళ్లికి ఆన్‌లైన్ మేళం కావాలి, అడ్వాన్స్ పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఫోన్లు వస్తాయి. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొడితే మీ ఖాతాలోంచే పోతుంది. పని లేని రోజుల్లో ఇలాంటి ఫోన్‌కి ఆశపడటం సహజం, మోసగాళ్లకీ అది తెలుసు. పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

8. కొద్దిమందిని కూర్చోబెట్టి చేయాలంటే

అనుమతులు సడలాక ఇరవై ముప్పై మందితో మిద్దె మీద కచేరీ పెట్టి, అదే లైవ్ ఇవ్వవచ్చు. పాట ద్వారా వ్యాధి పాకడం తేలిగ్గా తీసుకోకండి. 2020 మార్చి 10న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ కౌంటీలో ఒక బృందగాన సాధనకి 61 మంది వచ్చారు. వాళ్లలో ఒకరికి లక్షణాలున్నాయి. రెండున్నర గంటల సాధన తర్వాత ఆ ఒకరితో కలిపి 53 మందికి సోకినట్టు లెక్క తేలింది, వాళ్లలో పరీక్షలో నిర్ధారణ అయినవి 33. ఇద్దరు చనిపోయారు.

కాబట్టి మూసిన ఏసీ హాలు వద్దు, ఆరుబయటే. గాయకుడికి, మొదటి వరసకి మధ్య బాగా దూరం ఉంచండి. ఒకరి మైకు ఇంకొకరు వాడకూడదు, నాదస్వరం పీకలు (నోట్లో పెట్టి ఊదే ముక్కలు) మార్చుకోకూడదు. జలుబు ఉన్న పక్కవాద్యం ఆయన "ఫర్వాలేదు, వస్తా" అంటే సంభావన పంపించి ఇంట్లోనే ఉండమనండి. డబ్బు పోతుందన్న భయంతోనే ఆయన ఆ మాట అంటున్నాడు.

9. కచేరీ అయ్యాక

కాపీరైట్ క్లెయిమ్ వచ్చిందేమో చూడండి. అన్నమయ్య సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు కానీ, మీరు పాడిన బాణీ ఈ కాలపు స్వరకర్తది కావచ్చు. మీ సొంత గొంతుతో పాడినదానికి ఏదో క్యాసెట్ కంపెనీ రికార్డింగు అని తప్పుగా క్లెయిమ్ వస్తే డిస్ప్యూట్ పెట్టండి, రెండో ఫోన్లోని రికార్డు మీకు సాక్ష్యం. సినిమా పాటల ఆర్కెస్ట్రాకి కరవోకే ట్రాక్ వాడితే ఫేస్‌బుక్ మధ్యలోనే శబ్దం ఆపేయవచ్చు. పాటలు మీరే వాయించుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

మర్నాటి సాయంత్రంలోగా వసూలు స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టి, ఎవరి వాటా వాళ్లకి పంపేయండి. వీడియో ఛానెల్‌లో ఉంచాలా తీసేయాలా అన్నది అందరినీ అడిగి నిర్ణయించండి. ఉంచితే వివరణలో పక్కవాద్యాల పేర్లు, వాళ్లు సరేనంటే ఫోన్ నంబర్లు కూడా రాయండి. తర్వాతి బుకింగ్ వాళ్లకి నేరుగా రావచ్చు.